ఇంజిన్ తడుతోంది

హోలర్‌షైడ్,
9 అక్టోబరు 1994

అమ్మాయీ ఇంకెన్,

నిజం చెప్పాలంటే ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. నీ కార్డు వచ్చి వారం దాటింది. "మామయ్యా, హార్క్ కారు మూడు లక్షల పదివేల కిలోమీటర్లు దాటింది, ఇంజిన్ విప్పించాలా వద్దా, ఒక్క ముక్కలో చెప్పు" అని రాశావు. ఒక్క ముక్కలో చెప్పగలిగేవాణ్నయితే నలభై ఏళ్లు నల్ల గోళ్లతో ఎందుకు బతుకుతాను, ఏ డాక్టరో అయ్యేవాణ్ని. మీ లోనీ అత్తయ్యే పెన్ను తెచ్చి నా చేతిలో కుక్కి, "మొగుణ్ని సముద్రానికి పోగొట్టుకున్న పిల్ల కారు గురించి అడిగిందంటే కారు గురించే అడిగిందనుకుంటున్నావా, మొద్దు మనిషీ? రాయి" అంది. అందుకని రాస్తున్నాను. అయితే కారు గురించే రాస్తాను. నాకు తెలిసింది అదొక్కటే.

మీటరు మీది అంకె చూసి హడలిపోకు. మా వీధిలో ఇద్దరు ముసలాళ్లున్నారు, ఇద్దరిదీ ఒకటే వయసు. ఒకడు ఇప్పటికీ యాపిల్ చెట్టెక్కి కింద పోయేవాళ్లని తిడతాడు. రెండోవాడు బూటు లేసులు కట్టించుకోడానికి కోడలి కోసం కూర్చుంటాడు. పుట్టిన తేదీ చూసి ఎవణ్ని ఆసుపత్రిలో చేర్పిస్తావు? ఇంజినూ అంతే. ఎంత తిరిగిందని కాదు అడగాల్సింది. ఎంత ఆయిల్ తాగుతోంది? పొగ నీలంగా వస్తోందా, వస్తే ఎప్పుడు? మీ దేశమంతా అప్పడంలా చదును కాబట్టి కొండ దిగుతూ చూడమనలేను, ఏ వంతెనో దిగేటప్పుడు అద్దంలో వెనక్కి చూడు. అన్నిటికంటే ముఖ్యం, అది తడుతోందా? తట్టడమంటే మా పనివాళ్ల మాట. ఇంజిన్ లోపలినుంచి ఎవరో తలుపు కొట్టినట్టు వచ్చే చప్పుడు. చల్లగా ఉన్నప్పుడు తడుతుందా, వేడెక్కాకా?

ఆ ఇంజిన్ ఇంకెవరిదో అయితే ఇంత అడగను. మీ పెళ్లికి ముందు వేసవిలో నా కొట్లో నేనూ హార్కూ కలిసి విప్పి, బాగుచేసి మూసినది అది. ఆదివారాలు కొండ అవతల పందెపు దారి మీద బళ్లు అరుస్తుంటే వాడు చేతిలో స్పానరు అలాగే పట్టుకుని చెవులు నిక్కించి నిలబడేవాడు. వేగం కోసం పుట్టిన ఆరు సిలిండర్ల ఇంజిన్ అది. మీ గొర్రెల మధ్య దానికేం పని అని వాణ్ని ఏడిపించేవాణ్ని.

జవాబు రాయి. తింటున్నావా అని అత్తయ్య అడగమంది.

మామయ్య ఎవాల్ట్


ఓస్టర్‌కోగ్,
18 అక్టోబరు 1994

మోయిన్ మామయ్యా,

తింటున్నానని అత్తయ్యకి చెప్పు. నిన్న రొయ్యలు ఒలిచాను, ఇంకా వేళ్లు వాసనొస్తున్నాయి.

పొగ లేదు. ఆయిల్ తాగదు. ఒక్క చుక్క కూడా పొయ్యలేదు, అయినా తగ్గలేదు. తట్టడం మాత్రం తడుతోంది. నువ్వు సరిగ్గా ఆ మాటే రాసేసరికి ఉత్తరం మళ్లీ మొదటినుంచి చదివాను, ఎవరితోనూ ఇంకా అనలేదు మరి. చల్లగా ఉన్నప్పుడే తడుతుంది, ఎక్కువగా పొద్దున కాఫీ వేళకి. మూడు దెబ్బలు. కొంచెం ఆగుతుంది. తర్వాత ఏమీ ఉండదు. బండి నడిపి వేడెక్కిన రోజున తట్టదు. ఇక్కడి మెకానిక్ ఫెడ్డెర్సన్ని పిలిచి వినమన్నాను. "నాకేం వినపడలేదు ఇంకెన్" అన్నాడు. పాతికేళ్లుగా ట్రాక్టర్లు బాగుచేసే మనిషి, ఆయనకి చర్చి గంటలే వినపడవు.

రోజూ నడపను. ఆదివారాలు కరకట్ట దాకా వెళ్తాను. పోయిన నవంబరులో హార్క్ కారు వదిలిన చోటే ఆపుతాను. దారి గుర్తు కొయ్యలు చూసొస్తానని, ఆటుకి సముద్రం వెనక్కి పోయినప్పుడు తేలే బురద మీదికి దిగాడు, పొగమంచు కమ్మింది, పోటు వచ్చింది. తాళంచెవి ఎప్పటిలాగే వెనక చక్రం మీద ఉంది. మనిషే దొరకలేదు. కాసేపు కూర్చుని తిరిగి వచ్చేస్తాను. అమ్మేయమని అందరూ అంటున్నారు. విప్పించమని ఫెడ్డెర్సన్ అంటాడు. నేను నిన్నడుగుతున్నాను.

నీ ఇంకెన్


హోలర్‌షైడ్,
25 అక్టోబరు 1994

అమ్మాయీ,

సాయంత్రం పోస్టులో వచ్చిన ఉత్తరంలో కూడా మోయిన్ అని పొద్దుటి పలకరింపేనా! మీ ఉత్తరాదివాళ్లకి రోజంతా తెల్లవారుతూనే ఉంటుంది కాబోలు.

నీ జబ్బు చిన్నదే. చల్లగా ఉన్నప్పుడు తట్టి వేడెక్కాక మానేస్తే అది పిస్టన్ చప్పుడు. పాత బూటులో కాలు కదిలినట్టు అరిగిన సిలిండరు బోరులో పిస్టన్ కదులుతుంది. వేడికి ఉబ్బి సర్దుకున్నాక నోరు మూసుకుంటుంది. అలా తడుతూనే ఇంకో లక్ష కిలోమీటర్లు తిరిగిన ఇంజిన్లు చూశాను. మూడే దెబ్బలెందుకంటావా? ఆరు సిలిండర్లలో మూడు వదులై ఉంటాయి, తక్కిన మూడూ ఇంకా మర్యాదస్తులు.

నాకు నిద్ర పట్టనివ్వనిది రెండో సంగతి. ఆ వయసు ఇంజిన్ ఆయిల్ తాగకపోవడమేమిటి? కుటుంబంలో తాగనివాడు ఒకడున్నాడంటే ఎక్కడో దాచుకుని తాగుతున్నాడని మా అమ్మ అనేది. మా చిన్నాన్న విషయంలో అదే నిజమైంది, ఆ కథ ఇప్పుడొద్దు. ఆయిల్ తగ్గడం లేదంటే ఇంకేదో లోపల చేరి ఆ లోటు పూడుస్తోందన్నమాట. పెట్రోలైనా కావాలి, నీళ్లయినా కావాలి. బండి కదపకుండా, స్టార్టు చెయ్యకుండా, ఒకే చోట ఉంచి నాలుగైదు రోజులు ఆయిల్ కొలిచే కడ్డీ తీసి చూసి రాయి.

నీ ఉత్తరం అత్తయ్యకి చదివి వినిపించాను. "పొద్దున్నే కాఫీ వేళకి ఎవరో తడుతున్నారట, మెకానిక్ వచ్చి పోతున్నాడట. ఆ ఫెడ్డెర్సన్‌కి పెళ్లయిందా?" అని అడిగింది. అలాంటివి నేను రాయనన్నాను. రాశాను చూడు.

ఎవాల్ట్


ఓస్టర్‌కోగ్,
6 నవంబరు 1994

మోయిన్ మామయ్యా,

ఫెడ్డెర్సన్‌కి పెళ్లయింది, నలుగురు పిల్లలు, ఒక మేకపోతు. అత్తయ్యకి చెప్పు.

నువ్వు చెప్పినట్టే కడ్డీ చూశాను. బండి అంగుళం కూడా కదపలేదు. ఒక పొద్దున ఆయిల్ పైగీత దాటి ఉంది. అదే రోజు మధ్యాహ్నం చూస్తే కిందిగీత దగ్గరుంది. వారం తిరిగేసరికి పొద్దున కిందుంది, మధ్యాహ్నానికి పైకొచ్చింది. నేనే తప్పు చూస్తున్నానేమోనని వేరే గుడ్డతో తుడిచి మళ్లీ మళ్లీ ముంచాను. రోజూ కాస్త ఆలస్యంగా ఎక్కుతోంది, కాస్త ఆలస్యంగా దిగుతోంది.

ఎక్కడో చూసిన వరసలా అనిపించింది. వంటింట్లో పొయ్యి పక్కన హార్క్ కొట్టిన మేకుకి ఈ ఏటి పోటు వేళల పట్టిక ఉంది, ఇక్కడ ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. కడ్డీ పట్టుకుని దాని ముందు నిలబడ్డాను.

ఇంక నేను రాయను. నువ్వే ఆలోచించు. గరాజు నేల సిమెంటు, చదునుగా ఉంటుంది.

తట్టడం నువ్వన్నట్టే ఉంది. చల్లగా ఉంటేనే.

ఇంకెన్


హోలర్‌షైడ్,
14 నవంబరు 1994

ఇంకెన్ తల్లీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కోప్పడకు, నీ గరాజు నేల చదును కాదు. మీ ఇళ్లన్నీ సముద్రం దగ్గర లాక్కున్న నేల మీద కట్టినవి. కింద నీరు ఎక్కుతూ దిగుతూ ఉంటే పైన సిమెంటు పలక వెంట్రుకంత వంగదా? బండి ఒరిగితే కడ్డీ కూడా వేరే మాట చెబుతుంది. చూశావా, పోటుతో సంబంధం ఉండనే ఉంది, దయ్యమేమీ అక్కర్లేదు. ఇది రాశాక మనసు తేలికై ఒక గ్లాసు బీరు తాగాను.

అయితే సంగతి తేల్చే పరీక్షలు రెండున్నాయి, ఫెడ్డెర్సన్ చేతకానివాడైనా ఇవి చెయ్యగలడు. పాత ఆయిల్ ఫిల్టరు విప్పి, కోసి, లోపలి మడతలు బల్లమీద పరవమను. అయస్కాంతానికి అంటుకునే పొడి ఉంటే ఇనుము. అంటుకోకుండా బూడిదరంగులో వెండి ముద్దలా మెరిస్తే అది బేరింగుల మాంసం. రెండోది గాలి పరీక్ష. ఒక్కో సిలిండరులోకి గాలి ఎక్కించి ఎక్కడ బుస్సుమంటుందో వినాలి. పొగగొట్టంలో వినపడితే వాల్వు పోయింది. ఆయిల్ పోసే మూత దగ్గర వినపడితే రింగులు పోయాయి, ఇంజిన్ బోరుకొచ్చినట్టే.

బూడిదరంగు ముద్ద కనబడితే మాత్రం ఆ రోజునుంచి బండి తియ్యకు. పిస్టన్ తడితే విసుగు, అంతే. బేరింగు తడితే మనిషి పోతాడు. నువ్వు వెళ్లే కరకట్ట దారి నేను చూశాను, ఒక పక్క కాలవ, ఇంకో పక్క సముద్రం. వేగంలో ఉండగా ఇంజిన్ బిగుసుకుపోతే చక్రాలూ బిగుస్తాయి. నీ ఆదివారాలు నాకు నచ్చడం లేదు.

మీ అత్తయ్య ఇనప కుండలో ఆలుగడ్డ రొట్టె కాలుస్తోంది, వాసనకి రాయలేకపోతున్నాను.

ఎవాల్ట్


ఓస్టర్‌కోగ్,
27 నవంబరు 1994

మోయిన్ మామయ్యా,

ఫిల్టరు కోశాడు. బూడిదరంగే ఉంది. అయస్కాంతానికి అంటుకోలేదు. "అయిపోయింది, బేరింగులే" అని ఫెడ్డెర్సన్ నువ్వన్నట్టే అన్నాడు. తర్వాత వేలితో తీసి రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నన్ను వాసన చూడమన్నాడు. ఆయిల్ వాసనా ఉంది, ఆటు వేళ కరకట్ట మీద వచ్చే వాసనా ఉంది. వెండిలా కొంత మెరుస్తోంది. మిగతాది మెరవడం లేదు.

గాలి పరీక్ష కూడా చేశాడు. ఐదో సిలిండరుకి వచ్చేసరికి నన్ను మూత దగ్గర చెవి పెట్టమన్నాడు, తన చెవులు మంచివి కావు కదా. బుస్సుమనలేదు మామయ్యా. చప్పుడు దగ్గరికొచ్చింది, ఆగింది, వెనక్కి వెళ్లింది, మళ్లీ వచ్చింది. "ఏం వినపడుతోంది?" అని ఫెడ్డెర్సన్ అడిగాడు. "గాలే" అన్నాను. ఆయన గొట్టం పీకి చుట్టి బండిలో పెట్టుకున్నాక కూడా కాసేపు వినపడింది.

ఇంకొకటి. నీకు మొదటినుంచీ తప్పుగా అర్థమైందని నీ ఉత్తరాలన్నీ మళ్లీ చదివితే తెలిసింది. తప్పు నాదే, విడమరిచి రాయలేదు. పిస్టన్ చల్లగా ఉంటే తడుతుందని, వేడెక్కితే మానేస్తుందని నువ్వు రాశావు. చల్లగా ఉన్నప్పుడు అంటే నా ఉద్దేశం, బండి స్టార్టు చెయ్యనప్పుడు. తాళంచెవి నా వంటింట్లో కొక్కేనికి ఉంటుంది. నేను కాఫీ తాగుతుంటాను. గరాజులోంచి తడుతుంది.

ఈ ఆదివారం కూడా వెళ్లొచ్చాను. కోప్పడకు.

ఇంకెన్


హోలర్‌షైడ్,
2 డిసెంబరు 1994

ఇంకెన్,

మూడు ఉత్తరాలనుంచి నేనొక ఇంజిన్ గురించి మాట్లాడుతున్నాను, నువ్వు ఇంకోదాని గురించి. సరే. ఇప్పుడు నేనొకటి అడుగుతాను, నిజం చెప్పు. ఇంజిన్ మూసేటప్పుడు మేం ఏం చేస్తామో హార్క్ ఎప్పుడైనా నీకు చెప్పాడా?

చెప్పి ఉండడు. చెబితే జనం నవ్వుతారు. నాకు పని నేర్పిన ముసలాయన దగ్గర వచ్చిన అలవాటు ఇది. కింది మూత బిగించాక, బిగించినవాడు వేలి కణుపులతో ఇంజిన్ మీద మూడుసార్లు తడతాడు. "లోపల ఏదైనా మర్చిపోయామా?" అని అడగడం అది. గుడ్డముక్కో, నట్టో, స్పానరో. అవతలి పక్క ఇంకొకడు ఇనుముకి చెవి ఆనించి ఉంటాడు. అంతా సరిగ్గా ఉందనుకుంటే వాడు తిరిగి ఒక్కసారి తడతాడు. "ఏమీ లేదు, పో" అని. ఆ ఒక్క దెబ్బ వినకుండా ఇంజిన్‌లో ఆయిల్ పొయ్యం. నా కొట్లో పనిచేసినవాళ్లంతా దీన్ని ముసలోడి పిచ్చి అనేవారు. హార్క్ ఒక్కడే నవ్వలేదు. ఆ ఇంజిన్ మూసిన రోజు మూడుసార్లు తట్టింది వాడు, చెవి ఆనించి బదులు తట్టింది నేను.

మూడు దెబ్బలు, కొంచెం ఆగడం. మొదటి ఉత్తరంలోనే రాశావు. పిస్టన్లని నీకు పాఠం చెప్పాను.

దీన్నుంచి ఏం తేల్చాలో నాకు తెలియదు. నా వయసులో దయ్యాల్ని నమ్మడం మొదలుపెడితే మీ అత్తయ్య నన్ను వృద్ధాశ్రమంలో చేర్పిస్తుంది. నాకు తెలిసింది ఇదీ: ఫిల్టరులో వెండిలా మెరిసింది నిజంగా బేరింగు లోహమే. ఐదో సిలిండరు కింది బేరింగే పోతోందని నా అనుమానం. తడుతున్నది ఎవరైనా కానీ, బండిని విప్పాలి. అంతదాకా తాళంచెవి ఫెడ్డెర్సన్‌కి ఇచ్చెయ్యి.

మామయ్య


ఓస్టర్‌కోగ్,
11 డిసెంబరు 1994

మామయ్యా,

హార్క్ నాకు చెప్పలేదు. పెళ్లయి తొమ్మిదేళ్లయినా చెప్పలేదు. ఆ మాట చదివి ముందు వాడి మీద కోపమొచ్చింది, తర్వాత గరాజులో స్టూలు వేసుకుని కూర్చున్నాను.

తాళంచెవి ఇవ్వను. విప్పించను. విప్పితే నువ్వు తుడుస్తావు, కడుగుతావు, కొత్త బేరింగులు వేస్తావు, నాకు మంచి ఇంజిన్ తిరిగొస్తుంది. పొద్దున కాఫీ వేళకి ఏ చప్పుడూ ఉండదు. వాడి అమ్మకి సమాధి రాయి కావాలి, ఆఫీసుకి వాడు పోయాడని నా సంతకం కావాలి, ఫెడ్డెర్సన్ పెళ్లానికి నేను మళ్లీ పాటల బృందానికి రావాలి. అందరికీ ఏదో ఒకటి మూసెయ్యాలని ఉంది. నేను బదులు తట్టలేదు మామయ్యా. తట్టను కూడా. "ఏమీ లేదు, పో" అనడానికి నేనెవర్ని?

అత్తయ్య పంపిన ప్లమ్ కేకు అందింది. బాగుంది.

ఇంకెన్


హోలర్‌షైడ్,
15 డిసెంబరు 1994

ఇంకెన్,

ఈసారి కబుర్లు లేవు.

మొగుడి గురించి నీకు సలహా చెప్పే అర్హత నాకు లేదు. పని గురించి చెబుతాను. వాడు "నేను పోతున్నాను" అని తట్టడం లేదు. "నన్ను రానియ్యి" అనీ కాదు. "లోపల ఏదైనా మర్చిపోయామా?" అని అడుగుతున్నాడు. పనిలో పక్కనున్నవాడు ఆ మాట అడిగితే "ఉంది" అనొచ్చు, "లేదు" అనొచ్చు. చూడకుండా నోరు మూసుకు కూర్చోవడం మాత్రం కుదరదు. మా కొట్లో అలా చేసినవాణ్ని ఆ రోజే ఇంటికి పంపేవాళ్లం. నువ్వు వాణ్ని ఏడాదిగా ఇనుము పక్కన నిలబెట్టావు.

విప్పి చూద్దాం. చూశాక బదులు చెప్పడమా మానడమా, అది నీ ఇష్టం. బదులు నేను తట్టను, మీ అత్తయ్యని తట్టనివ్వను.

నువ్వు ఆ బండిలో ఇంకొక్క ఆదివారం కరకట్టకి వెళ్లావంటే, సమాధి రాయి మీద రెండు పేర్లు చెక్కించాల్సిన పని నా నెత్తిన పడుతుంది. నా చేతిరాత బాగోదు.

ఎవాల్ట్


ఓస్టర్‌కోగ్,
8 జనవరి 1995

మోయిన్ మామయ్యా,

ఫెడ్డెర్సన్ సోమవారం బయల్దేరుతున్నాడు. పశువుల్ని తోలే బండిని కడిగి, అందులో కారు ఎక్కించి తీసుకొస్తాడు. మనిషి మాట్లాడడు, కానీ బాగా తింటాడు. అత్తయ్యకి ముందే చెప్పు.

పోయిన ఆదివారం వెళ్లలేదు. తాళంచెవి వెనక చక్రం మీద పెట్టాను.

ఇంకెన్


హోలర్‌షైడ్,
19 ఫిబ్రవరి 1995

అమ్మాయీ ఇంకెన్,

మీ ఫెడ్డెర్సన్ అత్తయ్య వండిన రొట్టె మొత్తం తినేసి, కుండ అడుగున మాడింది కూడా గోకి తిని, "మోయిన్" అని వెళ్లిపోయాడు. వచ్చినప్పుడూ అదే మాట, పోయేటప్పుడూ అదే మాట. మీ అత్తయ్య వాణ్ని దత్తత తీసుకునేలా ఉంది.

ఇక ఇంజిన్. నా కొట్టు నేల కొండరాయి మీద వేసింది. సముద్రం ఇక్కడికి పగలంతా ప్రయాణం. కింద నీరూ లేదు, పలక వంగడమూ లేదు. అలాంటి చోట కడ్డీ కొలవాల్సిన అవసరం లేదు కాబట్టి నేను కొలవలేదు. అబద్ధం. కొలిచాను. ఇక్కడా ఎక్కుతూ దిగుతూనే ఉంది. పొయ్యి పక్కనున్న పట్టిక నకలు రాసి పంపమని నిన్నడుగుదామనుకున్నాను, తర్వాత అక్కర్లేదనిపించింది. నేను నీకు రాసిన సిమెంటు పలక మాట వెనక్కి తీసుకుంటున్నాను.

విప్పేముందు పాన్ బోల్టులు చూశాను, పాన్ అంటే ఆయిల్ నిలిచే కింది మూత. బిగించిన ప్రతి బోల్టు మీదా పసుపు రంగు చుక్క పెట్టడం నా అలవాటు. ఎవడైనా స్పానరు పెడితే చుక్క పగులుతుంది. ఒక్క చుక్క కూడా పగల్లేదు. అంటే మేం మూశాక ఆ పాన్ ఎవరూ తియ్యలేదు.

ఐదో బేరింగు చూసి దీపం ఇంకా దగ్గరికి లాక్కున్నాను. వెండిరంగు పొర పూర్తిగా పోయి రాగి తేలింది, ఆ రాగి కూడా వేలిగోరులా చిట్లింది. నువ్వు చివరి ఆదివారం ఎలా తిరిగొచ్చావో నాకు తెలియదు. ఇనుముకి తెలిసినంతవరకు అయితే నువ్వు తిరిగి రాకూడదు.

పాన్ అడుగున ఆయిల్ కింద మూడు నాలుగు చెంచాల మెత్తటి బూడిదరంగు బురద ఉంది. బేరింగు పొడి కాదు. వేళ్ల మధ్య రుద్దితే జారింది. దాన్ని జల్లెడ పడితే ఒకటి దొరికింది. కాగితంలో మడిచి ఈ ఉత్తరంలో పెట్టాను. బియ్యపుగింజంత ఉంది. నాకేదో నత్తగుల్లలా అనిపించింది. కొండల్లో బతికినవాణ్ని, నాకేం తెలుసు. అది లోపలికి ఎలా వెళ్లిందని అడగకు. ఇంజిన్లోకి గాలి, ఆయిల్, పెట్రోలు వెళ్లే దారులన్నీ నాకు తెలుసు. అది పట్టే దారి ఒక్కటీ లేదు.

కొత్త బేరింగులు వేశాను, బోరు సాపు చేయించాను, రింగులు మార్చాను. శుక్రవారం మూశాను. మూసి మూడుసార్లు తట్టాను. మీ అత్తయ్య వంటింట్లోంచి "ఎవరూ? తలుపు తీసే ఉంది, రండి" అని అరిచింది. ఆమెని ఊరుకోమన్నాను. మాటిచ్చాను కాబట్టి అవతలి పక్క ఎవరూ చెవి ఆనించలేదు, ఎవరూ బదులు తట్టలేదు. అలా బదులు లేకుండా ఇంజిన్‌లో ఆయిల్ పోయడం నా బతుకులో ఇదే మొదటిసారి. మనసు ఒప్పలేదు, కానీ పోశాను.

ఫెడ్డెర్సన్ వచ్చి తీసుకెళ్తాడు. మొదటి రెండు వేల కిలోమీటర్లు మెల్లగా నడపాలి. ఒకే వేగంలో ఎక్కువసేపు పోకు, ఇంజిన్‌కి బద్ధకం అలవాటవుతుంది. మనుషులకీ అంతేనని అత్తయ్య రాయమంది.

మామయ్య ఎవాల్ట్


ఓస్టర్‌కోగ్,
3 ఏప్రిల్ 1995

మోయిన్ మామయ్యా, మోయిన్ అత్తయ్యా,

బండి క్షేమంగా వచ్చింది. మెల్లగానే నడుపుతున్నాను. ఫెడ్డెర్సన్ పెళ్లాన్ని పాటల బృందానికి ఎక్కించుకెళ్లాను. దారంతా సీటు పట్టుకు కూర్చుని, "ఇంత మెల్లగా పోయే బండికి ఇంత అరుపెందుకే?" అంది.

నువ్వు పంపింది నత్తే మామయ్యా. మా బురదలో ఉండే రకం. ఆటు వేళ ఒక గుప్పెడు బురద తీస్తే అందులో లెక్కలేనన్ని ఉంటాయి, చెప్పుల అంచుల్లో ఇరుక్కుంటాయి, హార్క్ బురదలోంచి ఇంటికొచ్చిన రోజుల్లో గుమ్మం ఊడిస్తే చీపురు నిండా అవే. కాఫీ సాసరులో కొన్నాళ్లు ఉంచుకున్నాను. తర్వాత కరకట్ట దాటి, నీళ్లు పోయిన చోట వదిలేశాను.

కడ్డీ రోజూ చూస్తున్నాను. పోటుకీ ఆటుకీ ఒకేచోట ఉంటోంది, పైగీతకి కొంచెం కింద. ఇన్ని రోజులూ గరాజులో ఏ చప్పుడూ లేదు. తట్టేది నీతోపాటు ఆ కొండల్లోనే ఉండిపోయిందేమో అనుకున్నాను.

నిన్న ఆదివారం. కాఫీ పోసుకున్నాను. తట్టింది. మూడుసార్లు, తర్వాత ఆగింది. లోపల ఏముందో నువ్వు చూశావు, నేనూ చూశాను. గరాజులోకి వెళ్లి, బానెట్ ఎత్తి, ఇనుముకి చెవి ఆనించాను. చల్లగా ఉంది. వేలి కణుపుతో ఒక్కసారి తట్టాను.

తర్వాత వాన మొదలైంది, దండెం మీది బట్టలు లోపలికి తెచ్చాను.

నీ ఇంకెన్